తెలుస్తుందా అని అడిగినప్పుడు

గత నెలలో హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడినవాళ్ళ మీద ఒక కొత్త చికిత్సను ప్రయత్నించి చూస్తున్న ఆసుపత్రి అది. రెండో పరీక్షకు మా తమ్ముణ్ణి ఎప్పుడు తీసుకొస్తారని ఒక అమ్మాయి అడిగింది. తమ్ముడు పోయాడని చెప్పాను. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత, "సారీ మేడం, మా దగ్గర ఆయన పేరు ఇంకా ఉంది" అంది. ఉండనివ్వమని చెప్పబోయి ఊరుకున్నాను.

నేను మిర్యాలగూడలో లైబ్రరీలో పనిచేస్తాను. తమ్ముడు పెన్‌పహాడ్ దగ్గర మా ఊళ్ళోనే ఉండి కల్లు గీసేవాడు. మా నాన్న గీసిన తాటిచెట్లే తనూ గీశాడు. ఒక వేసవి ఉదయం చెట్టు మీద నుంచి పడ్డాడు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడును మోకు అంటారు. ఆ మోకు జారిందో, కాలు జారిందో తనకే గుర్తులేదు. సూర్యాపేటలో ఎక్స్‌రే తీసి హైదరాబాదు పంపారు. అక్కడ వెన్నులో రాడ్లు వేశారు. ప్రాణం నిలిచింది. నడుము కింద కదలిక గానీ స్పర్శ గానీ రాలేదు.

నేను చదవడం మొదలుపెట్టాను. బాధ కలిగినప్పుడు నాకు తెలిసిన పని అదొక్కటే. ముక్కు లోపలి కణాలు తీసి వెన్నుపాములో పెట్టడం గురించి, మూలకణాల గురించి, దెబ్బ తగిలిన చోటుకు కింద చిన్న పట్టీ అమర్చి కరెంటు పంపడం గురించి చదివాను. ఎలుకలు నడిచాయని ఒకచోట ఉంటుంది. కొందరు మనుషులు పట్టుకుని నిలబడ్డారని మరొకచోట ఉంటుంది. లేవనివాళ్ళ గురించి చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలూ చదివాను. అయినా ఆశపడ్డాను.

కోదాడలో ఒక ఫిజియోథెరపీ సెంటర్ ఉందంటే కారు కిరాయికి మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళం. నేను, తమ్ముడు, మరదలు. మునగాల దాటుతుంటే వాడు కిటికీలోంచి రోడ్డు పక్క తాళ్ళను చూస్తూ, దేనికి కల్లు బాగా పారుతుందో, ఏది ఎండిపోయిందో చెప్పేవాడు. సెంటర్లో పైకప్పుకు వేలాడే పట్టీలు నడుముకు బిగించి, వాణ్ణి నిలువుగా లేపి, కింద కదిలే బెల్టు మీద కాళ్ళు ఆడించేవారు. మొదటి రోజు ఆ పట్టీలు చూసి నవ్వాడు.

"ఇన్నేండ్లు మోకేసుకోని చెట్టెక్కిన. ఇప్పుడు నేల మీద నిలవడనీకె మోకా అక్కా!"

"కంగారు పడకండి అన్నయ్యా, మేం పట్టుకున్నాం కదా" అన్నాడు ఫిజియో.

"కంగారేం లేదు సార్. కల్లు లేని చెట్టు ఎక్కుతున్నట్టుంది, గంతే."

కరెంటు చికిత్స కోసం హైదరాబాదులో మనుషులను ఎంచుకుంటున్నారని మాకు చెప్పింది ఆ ఫిజియోనే. దెబ్బకు కింద ఏమాత్రం స్పర్శ లేనివాళ్ళు కావాలని, అలాంటివాళ్ళలో ఏ కొంచెం మార్పు వచ్చినా స్పష్టంగా కనిపిస్తుందని వివరించాడు. ఆ మాట వాడి ముందే చెప్పాడు. వాడు తలూపాడు. విన్నాడనే అనుకున్నాను.

హైదరాబాదులో వాణ్ణి చూసింది ఒక డాక్టరమ్మ. ముందే అన్నీ విడమరచి చెప్పింది. ఇది ఇంకా ప్రయత్నమేననీ, నడుస్తారని మాట ఇవ్వలేననీ, కరెంటు ఆపితే కదలిక కూడా ఆగిపోవచ్చనీ చెప్పింది. తర్వాత కళ్ళు మూసుకోమంది. సూది మొనతో తాకుతూ ఛాతీ నుంచి కిందికి వచ్చింది.

"తెలుస్తుందా?"

"తెలుస్తది."

నడుము దాటింది. తొడ. మోకాలు. అరికాలు. ప్రతిచోటా వాడు తెలుస్తదనే అన్నాడు. ఆమె సూదిని గాలిలోకి ఎత్తి పట్టుకుని, దేన్నీ తాకకుండా మళ్ళీ అడిగింది.

"ఇప్పుడు తెలుస్తుందా?"

"తెలుస్తది మేడం."

మరదలు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "కరెంటు పెట్టాక మీలో ఏం మారిందో కొంత యంత్రం చెప్తుంది. మిగతాది మీ నోటితో మీరు చెప్తేనే మాకు తెలిసేది. ఇవాళ చెప్పిన మాటను నమ్మి మీ వెన్ను తెరవలేను. కొన్నాళ్ళాగి మళ్ళీ పిలుస్తాం. అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది.

తిరిగి వస్తూ సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. వాడు దిగలేడు కనుక గ్లాసు కారు దగ్గరికే తెచ్చి ఇచ్చాను.

"ఎందుకట్ల చెప్పినవ్ తమ్మీ?"

"నోట్లెకెళ్ళి అదే వచ్చిందక్కా. తెలుస్తదా అని అడిగితే ఇంకేం చెప్తరు?"

అప్పుడు అర్థమైంది. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. జ్వరం నుంచో దెబ్బ నుంచో లేచినవాడు మళ్ళీ చెట్టెక్కే రోజు పెద్దవాడొకడు వెంట వెళ్తాడు. అరికాలు చెట్టుకు ఆనించమని, తెలుస్తుందా అని అడుగుతాడు. తెలుస్తుందంటే ఎక్కవచ్చు. లేదంటే ఆ రోజుకు చెట్టు లేదు. లేదన్నవాణ్ణి నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. చెట్టు కావలసినవాడు ఆ మాట అనడు.

వాడు పడిన తర్వాత వాడి తాళ్ళను ఎవరూ ముట్టుకోలేదు. లేచి వస్తాడని అలాగే వదిలేశారు. వాడికి పని నేర్పిన మామ ఒకాయన రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. హైదరాబాదు సంగతి ఆయనకు చేరింది.

"ఏం అల్లుడా, పట్నం పోయి డాక్టరమ్మకే అబద్ధం చెప్పినవట?"

"నువ్వు నేర్పిందే గద మామా."

"నేను అడుగుడు నేర్పిన. అబద్ధం నీ సొంతం."

మరదలు నవ్వింది. వాడు పడిన తర్వాత ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

అప్పటి నుంచి ఇంట్లో అభ్యాసం మొదలైంది. నేనే పెట్టించాను. వాడు కళ్ళు మూసుకునేవాడు. మరదలో నేనో చీపురుపుల్లతో అరికాలు తాకి అడిగేవాళ్ళం. మొదట్లో తెలుస్తదనే అనేవాడు. తర్వాత జవాబు చెప్పడం మానేశాడు.

"లేదంటే పానం పోతదా?" అని ఒకసారి మరదలు కసిరింది.

"పోతదే" అన్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం నేను పుల్ల ఆనించి అడిగాను. వాడు "లేదు" అన్నాడు. ఆ తర్వాత కూడా కళ్ళు తెరవలేదు. మరదలు బియ్యం కడగాలంటూ లోపలికి వెళ్ళింది. బియ్యం పొద్దున్నే కడిగి పెట్టింది, నాకు తెలుసు.

మరుసటి రోజు మామ వస్తే వాడే అన్నాడట. "చెట్లు ఊకెనే పాడైతున్నయి మామా. గీసుకోన్రి." ఆయన వెళ్ళేటప్పుడు గోడకున్న వాడి మోకు తీసుకుపోయాడట. ఫోన్లో మరదలు ఇది చెప్పినప్పుడు నేను లైబ్రరీలో ఉన్నాను. పరీక్ష కోసమని వాడి చేత ఒక్క మాట అనిపించాను. ఆ మాట అనడానికి వాడు చెట్లను వదులుకోవలసి వచ్చిందని అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ వాణ్ణి తీసుకుంటే అదంతా సరిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను.

వానలు పడుతున్న రోజుల్లో జ్వరం వచ్చింది. మూత్రం పైపు నుంచి ఇన్ఫెక్షన్ మొదలై రక్తంలోకి పాకిందన్నారు. సూర్యాపేట దవాఖానలో చేర్చాం. డ్యూటీలో ఉన్న డాక్టరు కొత్తవాడు, మా సంగతులేవీ తెలియవు. దుప్పటి తీసి, చేతిలోని చిన్న సుత్తి పిడితో వాడి అరికాలు గీశాడు.

"తెలుస్తుందా?"

వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. "లేదు సార్."

మోకాలు. "లేదు." తొడ. "లేదు." ఛాతీ దగ్గరికి వచ్చాక, "గీడ తెలుస్తది సార్" అన్నాడు.

డాక్టరు రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళాడు. వాడు కళ్ళు తెరిచి నా కోసం వెతికాడు. ముందుకు వంగాను.

"సరిగ్గ చెప్పిన్నా అక్కా?"

"సరిగ్గనే చెప్పినవ్ తమ్మీ."

"ఇగ తీసుకుంటరు గద?"

ఇది ఆ ఆసుపత్రి కాదని నేను చెప్పలేదు. "తీసుకుంటరు" అన్నాను. మరదలు వాడి కాళ్ళ మీద దుప్పటి కప్పి, అరికాళ్ళ కింద అంచులు మడిచింది.