పసుపు చుక్క పెట్టిన పంచె

నా చిన్నప్పుడు, నేను మూడో తరగతిలో ఉండగా, బెంగళూరులో మా తాతయ్య, అమ్మమ్మల యాభయ్యో పెళ్ళిరోజు చేశారు. వాళ్ళు అక్కడే మావయ్య దగ్గర ఉండేవారు. భవానీపురం నుంచి అమ్మ, నేను రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్ళాం. కూతురిగా తను పెట్టాల్సిన బట్టలని, అమ్మ ముందే మంగళగిరి వెళ్ళి అమ్మమ్మకి చీర, తాతయ్యకి పంచె కొంది. వాటి అంచులకి పసుపు చుక్క పెట్టి, మడత నలగకుండా ఆ సంచీని దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది.

తీరా ఫంక్షన్ హాలుకి వెళ్తే అందరూ లేత నారింజ రంగు బట్టల్లో ఉన్నారు. ఆ రంగు కట్టుకోవాలని పక్క ఫ్లాట్ వాళ్ళకి కూడా చెప్పారట. మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు! అమ్మ సంచీ ఇవ్వబోతే అత్తయ్య "తర్వాత చూద్దాంలెండి" అని కుర్చీ కిందికి తోసింది.

దండలు మార్చుకున్నాక కుటుంబమంతా ఫోటోకి రమ్మన్నారు. అమ్మ నా జడ సవరించి స్టేజీ ఎక్కబోయింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. మీ ఆకుపచ్చ చీర ఫోటోలో తేడా కొడుతుంది. మీరూ పాపా తర్వాత విడిగా దిగండి" అంది అత్తయ్య.

"పర్లేదులేమ్మా" అని అమ్మ నవ్వింది.

ఆవిడ ఆ ఇంటి పెద్దకూతురు. కన్నవాళ్ళ పక్కన నిలబడడానికి చీర రంగు అడ్డమా? ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం అత్తయ్య మాటకన్నా అమ్మ నవ్వుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

తాతయ్య అంతా విన్నారు. మెడలో దండ తీసి కుర్చీలో పెట్టారు. "బుజ్జీ, ఆ సంచీ ఇలా తేవే" అని నాతో తెప్పించుకుని పక్క గదిలోకి వెళ్ళారు. ఫోటోగ్రాఫర్ దిక్కులు చూస్తుండగా అమ్మ తెచ్చిన పంచె కట్టుకుని వచ్చి, మా పక్కన నిలబడ్డారు.

"ఇప్పుడు నేనూ తేడానేగదమ్మా. మీరు కానివ్వండి, నేను వీళ్ళతో విడిగా దిగుతాలే" అన్నారు కోడలితో.

స్టేజీ మీద అమ్మమ్మ పకపకా నవ్వింది. "ఇంకేం, పెళ్ళికొడుకు లేకుండానే తీసెయ్యి నాయనా!"

అత్తయ్య మొహం ఎర్రబడింది. మావయ్య పరుగున వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. మెట్లెక్కుతూ తాతయ్య అమ్మతో మెల్లగా అన్నారు: "నీకు పర్లేదేమోనే. పక్కన పిల్ల చూస్తోంది."

ఆ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అన్ని నారింజ బట్టల మధ్య ఒక ఆకుపచ్చ చీర, పంచె అంచున చిన్న పసుపు చుక్క.

మొన్న మా పాపని స్కూలు డాన్సులో ముందు వరస నుంచి తీసేశారు. డ్రెస్సు కాస్త పాతదిగా ఉందట. నేను అసలే భయస్తురాలిని, గొడవ పడితే పిల్లని ఇంకేమంటారోనని జంకాను. "పర్లేదండీ" అని టీచరుతో అనబోయి పక్కకి చూశాను. పాప నా మొహంలోకే చూస్తోంది.

"అలా కుదరదండీ" అన్నాను.