శుక్రవారం మిస్సింగు

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో మా అన్న ఒక పాత ఇంగ్లీషు కారు కొన్నాడు. అమ్మినాయన తాళాలు చేతిలో పెడుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి కారును విడిచి ఉండలేక వచ్చినవి కావని, పీడ విరగడైనందుకు వచ్చినవని మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఏడాదికి దానికి మిస్సింగు పట్టుకుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి ఉన్నట్టుండి పని మానేసేది. బండి ఊగి, దగ్గి, వెనక టపామని పేల్చి, పక్కన పోయే ఎడ్లబండి ముందు మా పరువు తీసేది. రోజూ అదే పని చేసి ఉంటే రోగం పట్టుకునేవాళ్లం. నెల్లూరు షెడ్డుకు తీసుకుపోతే మాత్రం పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా బుద్ధిగా ఉండేది. మేస్త్రీ కాసేపు చెవి పెట్టి విని, "దీనికేం రోగమయ్యా, బంగారంలా ఉండాదే!" అనేవాడు. అని, ఊరికే పంపడం మర్యాద కాదు గనక ఏదో ఒకటి మార్చేవాడు.

ఇంట్లో బీఎస్సీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. హైస్కూల్లో పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పేవాణ్ని. అందుచేత ఇంజను గురించి ఏం మాట్లాడినా చెల్లేది. ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించాను. ఆదివారమల్లా ప్లగ్గులు ఊడదీసి గీకేవాణ్ని, పాయింట్లు రుద్దేవాణ్ని, కార్బరేటరు విప్పి, బిగించాక మిగిలిన మరలను జాగ్రత్తగా డబ్బాలో దాచేవాణ్ని. ఒక నోటుబుక్కు పెట్టి, మిస్సింగు వచ్చినప్పుడల్లా అన్నను అడిగి ఎండ ఎంత, గాలి ఎటు, ఇంజను ఎంత వేడి అన్నీ రాశాను. ఏ వారమో మాత్రం రాయలేదు. వారాలు, వర్జ్యాలు చూసుకోవడం చదువులేని వాళ్ల పని కదా.

మా అన్నకు చదువు లేదు గనక వారం గమనించాడు. ప్రతి శుక్రవారం ఆయన కృష్ణపట్నం దోవలో ఉన్న మా ఉప్పు మళ్లు చూడ్డానికి పోయేవాడు. గురువారం సాయంత్రం మా డ్రైవరు సాయిబు పెట్రోలు పోయించుకొచ్చేవాడు. శుక్రవారం దోవలో మిస్సింగు. శనివారం బుచ్చిరెడ్డిపాలెం ధాన్యం బేరానికి పోతే అదే కారు గుర్రంలా పరుగు. ఇంకేముంది, లెక్క తేలిపోయింది. "సాయిబు పెట్రోలు అమ్ముకోని కిరసనాయిలు కలుపుతుండాడురా," అన్నాడు నాతో. దానికి సాక్ష్యం కూడా చూపించాడు. దోవలో మిస్సింగు రాగానే డ్రైవరు తాటితోపు మలుపులో ఆపి, "నీళ్లు చూస్తానయ్యా," అని దిగి బానెట్ ఎత్తేవాడట. రెండు నిమిషాల్లో కారు బాగయ్యేదట. "రోగం పెట్టేదీ వాడే, మందేసేదీ వాడే," అన్నాడు అన్న.

డ్రైవరు నెల్లూరు మనిషి. యాభై దాటాయి. మాకంటే ముందు బస్సు నడిపేవాడు. చూపు కాస్త మందగించిందని బస్సు యజమాని వద్దంటే మా దగ్గర చేరాడు. దొంగ అన్న పేరుతో మా గేటు దాటితే నెల్లూరులో అతని చేతికి స్టీరింగు ఇచ్చేవాడు ఇంకెవడూ ఉండడు. ఆ సంగతి మా అన్నకూ తెలుసు. "ఈ నెలాఖరు దాకా చూస్తా," అన్నాడు, అదే పెద్ద దయ అన్నట్టు.

అమ్మ నిర్ధారణ ఇంకోటి. కారుకు దిష్టి తగిలింది. నిమ్మకాయలు కట్టింది, ఎర్రనీళ్లు తిప్పి పోసింది, పూజ ఇంకా పెంచింది. నేను నవ్వి మళ్లీ ప్లగ్గులు గీకాను.

నెలాఖరుకు ముందు శుక్రవారం అన్నకు జ్వరం వచ్చింది. బడికి సెలవు పెట్టి ఉప్పు మళ్లకు నన్ను పొమ్మన్నాడు. నేను పుస్తకం, నోటుబుక్కు పట్టుకుని డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. ఊరు దాటేదాకా బండి చక్కగా పోయింది. సముద్రపు గాలి చెమ్మగా మొహానికి తగలడం మొదలుపెట్టిందో లేదో, దగ్గు అందుకుంది. తాటితోపు మలుపు వచ్చింది. "నీళ్లు చూస్తా చిన్నయ్యా," అని అతను దిగాడు. నేనూ చప్పుడు చెయ్యకుండా దిగి వెనకే నిలబడ్డాను.

అతను నీళ్లు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి డిస్ట్రిబ్యూటరు మూత తుడుస్తున్నాడు. ప్లగ్గులకు నిప్పు పంచేది అదే. నల్లగా గుండ్రంగా ఉంటుంది, నెత్తి మీంచి ఐదు తీగలు పైకి లేచి వంగి ఉంటాయి. ఆ తీగల మధ్య సందుల్లో పసుపు, కుంకుమ, ఎండీ ఎండని పాలు. అతను ఒక్కో సందులో వేలు పెట్టి, పసిబిడ్డ చెవులు తుడిచినట్టు తుడుస్తున్నాడు.

"ఇదేంది?" అన్నాను.

అతను ఉలిక్కిపడి, తర్వాత తలొంచుకున్నాడు. "ఆయుధపూజనాడు బానెట్ ఎత్తమంటే ఎత్తినా చిన్నయ్యా. అమ్మగారు దీన్ని చూసి, ఐదు పడగల స్వామి ఈడ వెలిసినాడురా అని దణ్ణం పెట్టింది. అప్పట్నించి శుక్రవారం శుక్రవారం పొద్దున్నే, మీరంతా లేవకముందే బొట్లు పెట్టి, పాలు పోస్తాది. ఇంటికాడ ఎండకి ఏం కాదు. ఈడ ఉప్పుగాలి తగిలితే చెమ్మెక్కి, నిప్పంతా ఆ పసుపు మిందనే పారిపోతాది."

విద్యుత్తు పాఠం నేను చెబుతాను కదా, నాకు వెంటనే అర్థమైంది. ఆ పసుపు మరకలు నేను ప్రతి ఆదివారమూ చూశాను. చూసి వదిలేశాను. మా ఇంట్లో పసుపు లేనిదేది? గడపకుంది, రోలుకుంది, ఇనప్పెట్టెకుంది. ఇంజనుకూ ఉంది అనుకున్నాను, అంతే.

"ఇన్నాళ్లూ చెప్పబళ్ళా?"

"ఎట్టా చెప్పేది? సాయిబు అమ్మగారి పూజ తుడిచేస్తుండాడు అని ఊళ్లో మాట పుడితే? పెట్రోలు దొంగంటే నా ఒక్కడి పేరే పోతాది, ఆ మాటైతే మా వాళ్లందరి మీదికీ వస్తాది." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "మీరు చెప్పండి చిన్నయ్యా. మీరు చెప్తే ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటాది."

చెబుతానన్నాను. పైగా గట్టిగా అన్నాను. దోవ పొడుగునా ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో పేర్చుకున్నాను కూడా.

ఇంటికి చేరేసరికి అన్న అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పక్కన అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. డ్రైవరు కారు తుడుస్తున్నట్టు అక్కడే నిలబడ్డాడు. "ఏం తేలింది?" అన్నాడు అన్న. "స్వామి దయ, మళ్లా బాగైంది చూడు," అంది అమ్మ నా కంటే ముందే. ఆమె మొహం నిజంగా వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తూ, అమ్మా అది స్వామి కాదు, నల్లటి మూత అనాలి. బడిలో అరవైమంది పిల్లల్ని గదమాయించేవాణ్ని, అరుగు ముందు మాత్రం పుస్తకంలోంచి ఒక మాట వెతుక్కున్నాను.

"కండెన్సరు," అన్నాను. "సరిచేశాను."

ఇంగ్లీషు మాట గనక అందరూ నమ్మారు. అన్న గొంతు తగ్గించి, "మరి పెట్రోలు సంగతి?" అన్నాడు. లేదన్నా, అతను చుక్క కూడా ముట్టుకోలేదు అంటే సరిపోయేది. "ఇంక ఆ సంగతి వదిలెయ్యన్నా, ఇక జరగదు," అన్నాను. నోరు జారాక ఆ మాట నాకే వినిపించింది. నేను అతని దొంగతనాన్ని క్షమించమని సిఫారసు చేశాను. డ్రైవరు ఒక్కసారి నా వైపు చూసి, మళ్లీ అద్దం తుడవసాగాడు.

నెలాఖరున అతనే వచ్చి, "చూపు ఆనటంలా అయ్యా," అని తాళాలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. "చూసినావా, దొరికిపోతానని పోయినాడు," అన్నాడు అన్న. నేను పేపరు చదువుకున్నాను.

కొత్త డ్రైవరు దొరికేదాకా కారు నేనే నడిపాను. మొదటి శుక్రవారమే ఉప్పుగాలి తగిలింది, బండి దగ్గింది. తాటితోపు మలుపులో ఆపాను. తుడవడానికి గుడ్డ కోసం సీటు కింద చెయ్యి పెడితే మడత పెట్టిన తువ్వాలు తగిలింది. ఉతికి ఉంది. అయినా అంచుల్లో పసుపు పోలేదు. మరిచిపోయాడో, నా కోసమే పెట్టి పోయాడో తెలియదు. దాన్నే పట్టుకుని దిగాను.

బానెట్ ఎత్తి, ఒక్కో సందూ తుడుస్తున్నాను. వెనక సీట్లోంచి అన్న, "ఏం చేస్తుండావురా?" అని కేకేశాడు.

"నీళ్లు చూస్తుండాన్నా," అన్నాను.

రెండు నిమిషాల్లో కారు బాగైంది. అన్న సంతోషించాడు. నన్నెవరూ పెట్రోలు దొంగ అనలేదు.