కొలతల పుస్తకంలో ఊరు

మా మేనత్త ఒక మధ్యాహ్నం నలభై ఆరేళ్ళ ఆడమనిషిని పుట్టించింది. నొప్పులు లేవు, మంత్రసాని లేదు. మెడలో వేలాడే టేపు ఒక్కటే. నమ్మకపోతే మీ ఇష్టం, నేను పక్కనే ఉన్నాను. బడి నన్ను తొమ్మిదో తరగతిలోనే వదిలించుకుంది కానీ, మూడు వందల దాకా లెక్క నాకు బాగానే వచ్చు.

అత్త ఊరంతటికీ ఒక్కతే దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, దాని మీద కొలతల పుస్తకం, మనిషికో పేజీ. పొత్తిళ్ళలో పిల్ల మొదలు పళ్ళూడిన ముసలాయన దాకా అందులో లేనివాళ్ళు ఊళ్ళో లేరు. ఎవరైనా పోతే పేజీ చింపదు, మూల మడుస్తుంది.

వెనకగదిలో మామయ్య. వారానికి మూడుసార్లు పొద్దుటి బస్సెక్కి పట్నం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దునా సాయంత్రం వచ్చే ఆ ఒక్క బస్సు తప్ప మా గుంతల రోడ్డు మొహం చూసే బండి లేదు. ఒకసారి బస్సు రెండు రోజులు రాకపోతే ఆయన కాళ్ళు దిళ్ళలా ఉబ్బాయి, ఊపిరి అందలేదు. ఆ రెండు రోజులూ అత్త మిషను తొక్కలేదు.

అలాంటిది ఒకరోజు బస్సు ఆఫీసు గుమాస్తా ఒకాయన దిగాడు. మూడు వందల మంది లేని ఊరికి ఇక బస్సు లేదట. ఇల్లిల్లూ తిరిగాడు. జనమంతా పనుల్లోకి పోయారు, ఎక్కడ చూసినా తాళాలే. "నూట పన్నెండు," అంటూ పెన్నుకు మూత పెట్టబోయాడు.

అత్త పుస్తకం పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. "తాళం చూసి మనిషే లేడంటారేంటి సార్? రండి, ఒక్కొక్కర్నీ అడగండి, చెప్తా."

ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఇందులో ఉన్నవాళ్ళనే రాస్తానమ్మా. ఒక్కటి అబద్ధమని తేలినా మొత్తం కొట్టేస్తా."

ఆయన పేరు చదవడం, అత్త ఉన్నాడనో ఉందనో అనడం. నా పేజీ వచ్చింది.

"ఈ నడుము ఒక్కరిదేనా?"

"ఒక్కడే సార్, తిండే ఇద్దరిది," అంది అత్త. మొహంలో నవ్వు మాత్రం లేదు.

మూల మడిచిన పేజీ ఒకటి వచ్చింది. "ఉన్నారను అత్తా, ఎవడు చూడొచ్చాడు?" అని గొణిగాను.

"నోర్ముయ్‌రా," అంది. "లేరు సార్."

తర్వాత మామయ్య పేజీ. ఛాతీ కొలత నాలుగుసార్లు కొట్టేసి ఉంది, రాసిన ప్రతిసారీ తగ్గింది. మూల మడవలేదు. గుమాస్తా వేలు అక్కడే ఆగింది. "ఈయన...?"

అత్త వెనకగది తలుపు వైపు చూసింది. అంతలో వెనకగదిలో దగ్గు వినిపించింది. గుమాస్తా తలెత్తకుండా టిక్కు పెట్టాడు.

చివరి పేజీ కూడా అయిపోయింది. "రెండు వందల తొంభై తొమ్మిది."

అత్త పుస్తకం లాక్కుని వెనక్కి తిరగేసింది. వాళ్ళత్తగారి పేజీ దగ్గర చెయ్యి ఆగింది. మడత విప్పబోయి, నావైపు చూసింది.

"ఏమే," వెనకగదిలోంచి మామయ్య ఆయాసపడుతూ అరిచాడు, "నీ పేజీ ఏదే?"

పాతికేళ్ళుగా ఊరందర్నీ కొలిచిన మనిషి తన బట్టలు మాత్రం పాతవాటిని పరిచి, వాటి మీదే కత్తిరించుకుంటుంది. ఆమెకు పేజీ ఎక్కడిది?

"రాయండి మరి, బస్సు వేళవుతోంది," అన్నాడు గుమాస్తా. అత్త టేపు చుట్టుకుంది. రెండుసార్లు చేతుల్లోంచి జారిపోయింది. మూడోసారి భుజం, ఛాతీ, నడుము రాసింది. ఆయన టిక్కు పెట్టి, మళ్ళీ వచ్చే ఏడు వస్తానని వెళ్ళాడు.

బస్సు నడుస్తోంది. పక్కింట్లో ఎవరు తుమ్మినా అత్త కాలు మిషను మీద ఆగిపోతోంది. నేను మాత్రం ఆవిడ మనిషిని పుట్టించిందని కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను. అది నిన్న అత్త చెవిన పడింది.

"నేనెవర్నీ పుట్టించలేదు. నా పేజీ రాసుకోవడం మర్చిపోయాను, రాసుకున్నాను. ఒక్కరు పోయినా మళ్ళీ రెండొందల తొంభై తొమ్మిదే."