మావాడి రెండో తలుపు

మావాడు పోయి నలభై రోజులైంది. ఆ ఆదివారం పిల్లల్ని తీసుకుని వాడరేవు బీచికి వెళ్లాడు. మధ్యాహ్నం వాడి బావమరిది ఫోన్ చేసి, "మీ పార్ట్‌నర్ ఇక లేరండీ, గుండె ఆగిపోయింది" అన్నాడు. నేను నమ్మలేదు. "ఫోన్ వాడికివ్వండి" అని గద్దించాను కూడా.

మావాడంటే నా కొడుకో తమ్ముడో కాదు. ఆర్కిటెక్చర్ కాలేజీలో నా పక్క బెంచీవాడు. తొంభైల చివర్లో గుంటూరులో ఒక కొట్టు మీద గది అద్దెకు తీసుకుని, నాతో కలిసి ఆఫీసు బోర్డు కట్టినవాడు. మేస్త్రీ ఉండగా ఆర్కిటెక్టు దేనికని అడిగే ఊళ్లో ఇద్దరం ఇన్నేళ్లూ నెగ్గుకొచ్చాం. నేను నవ్వుతూ పనులు తెచ్చేవాణ్ని, వాడు నిజం చెప్పి పోగొట్టేవాడు.

సంతాప సభలో అందరిదీ ఒకటే మాట. "మంచివాడే, కానీ లౌక్యం తెలియదు. కాస్త సర్దుకుపోయి ఉంటే ఎక్కడో ఉండేవాడు." మైకు లాక్కోలేక ఊరుకున్నాను. ఇక్కడ చెబుతున్నాను, వాడు ఉండాల్సిన చోటే ఉన్నాడు. సర్దుకుపోయింది నేను. అందుకు మెప్పు పొందిందీ నేనే.

మాకు ఎక్కువగా వచ్చేవి మిర్చి కోల్డ్ స్టోరేజీలు. మొదటిదానికి స్థలంలో ముగ్గు పోయించాం. గోడలొచ్చే చోట సున్నపు గీతలు ఇంకా చెరగలేదు, మావాడు మిర్చి యార్డు నుంచి నలుగురు హమాలీల్ని పిలుచుకొచ్చాడు. వాళ్లని ఆ గీతల మధ్య నిలబెట్టి, "మీరు లోపల మిర్చి టిక్కీ బస్తాలు మోస్తున్నారు. ఇటు పక్క మంటలు లేచినయ్. పరిగెత్తండి" అన్నాడు. వాళ్లలో పెద్దవాడైన ముఠా మేస్త్రీ సూటిగా గీత దాటి అవతలికి పరిగెత్తాడు.

"అక్కడ గోడ వస్తుంది పెద్దాయనా" అన్నాను నేను.

"మరి ఈడ గోడెందుకెట్టారండీ?" అన్నాడాయన రొప్పుతూ.

నేను నవ్వాను. మావాడు నవ్వలేదు. అక్కడే ఎర్ర పెన్ను తీసి, ప్లానులో ఆ గోడ కొట్టేసి తలుపు గీశాడు. అప్పటినుంచి ప్రతి స్టోరేజీకీ రెండో తలుపు, బయటికి మెట్లు. యజమానులకు ఒళ్లు మండేది. "తలుపులు పెరిగితే చల్లదనం పోద్ది" అనేవారు. "చల్లదనం పోతే మిషన్ వేస్తే మళ్లీ వస్తుందండీ. మనిషి రాడు" అనేవాడు మావాడు.

ఒకసారి గ్రానైట్ చూడటానికి మార్టూరు వెళ్లాడు. వాడికది రోజంతా పని. పలక మీద నీళ్లు పోయించి, ఎక్కడ పగులుందో తెలిసేలా అది ఆరేదాకా పక్కనే కూర్చునేవాడు. ఆ రోజు ఆఫీసుకు ఒక యజమాని వచ్చాడు. రెండో తలుపు తీసేస్తే ఇంకో రెండు స్టోరేజీల పని కూడా మాకేనన్నాడు. సంతకం పెట్టేశాను.

గోడ లేస్తుండగా మావాడు చూశాడు. తిట్టలేదు. "ఒరేయ్, ఆ పెద్దాయన్ని పిలిచి మళ్లీ పరిగెత్తించు. గోడెందుకో ఈసారి నువ్వే చెప్పు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్లి, తలుపు రావాల్సిన చోట వేసుకుని కూర్చున్నాడు. తాపీవాళ్లతో, "నన్ను కూడా కలిపి కట్టెయ్యండి" అన్నాడట. మూడో రోజుకి యజమాని ఆ తలుపుకి చోటు వదిలాడు, మమ్మల్నీ వదిలేశాడు. ఆ మూడు రోజులూ నేను ఆఫీసులోంచి కదల్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇన్నేళ్లలో ఆ తలుపుల అవసరం ఒక్కసారీ పడలేదని సభలో ఒకాయన ఎత్తిపొడిచాడు. పడకపోతే సంతోషం. అవసరం పడాలని మావాడు పెట్టించలేదు.

గత వారం, మమ్మల్ని చాలాకాలంగా ఎరిగిన ఒక పెద్దమనిషి తన కొత్త కోల్డ్ స్టోరేజీ ప్లాను చుట్టుకుని వచ్చాడు. మొదట మావాడి గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. తర్వాత కాగితం విప్పి, "ఆయనుండగా కుదర్లేదండి. ఇప్పుడు మీరొక్కరే గదా. ఈ రెండో తలుపు తీసేసి సంతకం పెట్టండి, రేపే మొదలెడదాం" అన్నాడు. నా చేతిలో వేరే పని లేదు. ఇదీ పోతే ఆఫీసు మూసుకోవాల్సిందే.

"పెట్టనండి" అన్నాను.

"ఆయన మొండితనం మీకెందుకండీ?"

"ఇంకెవరికీ అక్కర్లేదంటున్నారుగా. నేనుంచుకుంటాను."

ఆయన విసురుగా లేచి దిగిపోయాడు. నేను మెట్ల దాకా వెళ్లి, "రెండు తలుపులకీ ఒప్పుకుంటేనే రండి!" అని అరిచాను. కింద కొట్లో మాటలు ఆగిపోయాయి. ఆ మెట్ల మీద అరిచేది ఎప్పుడూ మావాడే. చెప్పులేసుకుని వెనకాలే దిగి బతిమాలేది నేను.

కింద ఆ పెద్దమనిషి కారెక్కలేదు. ఎవరో ఒకరు దిగొస్తారని, పైకి చూస్తూ ఎండలో చాలాసేపు నిలబడ్డాడు.