గీత రాని పరీక్ష

ఆర్మూరులో పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిప్పే భూమేష్ మహా మాటకారి. అలాంటివాడు ఈ సీజన్‌లో నోరు మెదపడం మానేశాడు. మేనమామ కూతురు భూమికతో పెళ్లి కుదిరింది కదా, సిగ్గు కాబోలు అనుకున్నారు తోటివాళ్లు. సిగ్గూ కాదు, బుగ్గా కాదు. భయం.

దుబాయి పోదామని మెడికల్ చేయించుకుంటే అన్‌ఫిట్ అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఏజెంటు మాత్రం గొంతు తగ్గించి, ఖూన్‌లో, అదే నెత్తుట్లో, ఏదో ఉందట అన్నాడు. ముంబైలో వీసా కోసం పడిగాపులు పడ్డ రోజుల్లో వేసిన తప్పటడుగు గుర్తొచ్చి భూమేష్ పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరికి చెప్పుకుంటాడు? దొంగకు తేలు కుట్టినట్టయింది. దవాఖానకు పోదామంటే అక్కడ చీటీ రాసేది భూమిక ఊరు వేల్పూర్ మనిషే. పోకుండా పెళ్లి చేసుకుంటే ఆ పిల్ల గతేమిటి? అన్నం ముద్ద ఎత్తినా అదే ఆలోచన.

అప్పుడే ఆరోగ్య కార్యకర్త సువార్త పాలిష్ షెడ్డుకు వచ్చి, హెచ్ఐవీ ఉందో లేదో ఎవరికి వారే చూసుకునే కిట్లు పంచింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. భూమేష్ అందరి వెనక నిలబడి, దోస్తు కోసమని చెప్పి ఒకటి తీసుకున్నాడు. రెండు గీతలొస్తే దవాఖానకు రావాలి, ఒకటొస్తే ఫికర్ లేదు అన్నంతవరకే వాడి చెవికెక్కింది. ఆ తర్వాత ఆమె చెప్పిందంతా భయం మింగేసింది.

మధ్యాహ్నం అందరూ తిండికి పోయాక షెడ్డు వెనక కూర్చుని వేలికి సూది గుచ్చుకున్నాడు. పసుపు పనివాళ్లకో అలవాటుంది. ఎక్కడ తెగినా చేయి దానంతటదే పోయి చిటికెడు పసుపు అద్దేస్తుంది. వాడూ అద్దేశాడు. ఆనక పరీక్ష గుర్తొచ్చి, ఆ వేలినే నొక్కి పసుపుతో ముద్దకట్టిన నెత్తురు కిట్టు మీద రాశాడు. ఎంతసేపు చూసినా ఒక్క గీతా రాలేదు. ఒక గీతే మంచిదైతే, అసలు రాకపోవడం ఇంకా మంచిది కదా! భయంలో మనిషికి ఎంత తెలివి పుడుతుందో చూడండి. ఆ సాయంత్రమే భూమికతో కలిసి పోయి పెళ్లిచీరలు కొనుక్కొచ్చాడు.

సువార్త మళ్లీ వచ్చినప్పుడు పక్కకు పిలిచి సంబరంగా చెప్పాడు. ఆమె ముఖం మారింది.

"గీత రాలేదంటే రోగం లేదని కాదు తమ్మీ. పరీక్షే కాలేదు."

చేతులు కడిగించి, పక్కనే కూర్చుని మళ్లీ చేయించింది. రెండు గీతలొచ్చాయి. ఇదే ఆఖరు మాట కాదని, దవాఖానలో మళ్లీ చూస్తారని, ఉన్నా రోజూ గోళీలు వేసుకుంటే అందరిలాగే బతకవచ్చని, పెళ్లి చేసుకుని పిల్లల్ని కూడా కనవచ్చని, కాకపోతే పెళ్లికూతురికి ముందే చెప్పాలని ఆమె నచ్చజెప్పింది. వాడికి వినబడింది ఒక్కటే, భూమికకు చెప్పాలని.

వేల్పూర్‌లో భూమిక మక్కజొన్నలు ఆరబోస్తోంది. వాడు తలెత్తకుండా అంతా చెప్పేశాడు. ఆమె చేతిలోని గింజలు కింద పోసి లేచి నిలబడింది.

"గిది మా బాపుకు చెప్పినవా?"

"లే. ముందు నీకే."

"అయితే దవాఖానకు పో," అంది. పెళ్లి మాట ఆమె ఎత్తలేదు. అడిగే ధైర్యం వాడికి లేదు.

దవాఖాన గేటు దగ్గర బండి ఆపితే అడుగు ముందుకు పడలేదు. చీటీల దగ్గర ఆ వేల్పూర్ మనిషే కూర్చున్నాడు. వెనక్కి తిరిగిపోదామని బండి మళ్లించాడు కూడా. ఫోన్ మోగింది. భూమిక.

"లోపలికి పోయినవా బావా?"

"లే... గేటు కాడనే ఉన్న. భయమైతున్నది."

"నాగ్గూడ భయమైతున్నది," అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ. "ఫోన్ పెట్టకు. గట్లనే పట్టుకొని లోపలికి పో."