కురుమయ్య ఎంచుకున్న ఫ్రేము

గొర్రెల కాపరి కురుమయ్య చవక సరుకుకు ఆశపడి కన్ను పోగొట్టుకున్నాడని మక్తల్ సంతలో చెప్పుకున్నారు. ఆపరేషన్ చెడిందని కొందరు, సోకుకు పోయి నల్ల కళ్లద్దాల ఫ్రేము పెట్టుకున్నాడని మరికొందరు అన్నారు. మూడూ నిజం కావు.

ఆయన ఒక కన్ను చిన్ననాడే మశూచితో పోయింది. రెండో కంటి శుక్లాన్ని 1959లో మహబూబ్‌నగర్ దవాఖానలో తీశారు. చూపు చక్కగా వచ్చింది. ఇక మందపాటి గాజు అద్దం తప్పదు. ఫ్రేము ఎంచుకోవడమే మిగిలింది. పక్కింటివాణ్ని కాబట్టి కళ్లద్దాల దుకాణానికి నేనూ వెంట వెళ్లాను.

దుకాణదారు మొదట ఇనుప తీగ ఫ్రేము చూపాడు.

"గిది పెట్టుకొని పొద్దంత ఎండల తిరిగితే ముక్కుకు వాత పడ్తది సేటూ. గొర్లకు వాతలు పెట్టెటోన్ని, నేనే పెట్టిచ్చుకోవాల్నా?" అన్నాడు కురుమయ్య.

దుకాణదారు నవ్వి నల్లటి సెల్యులాయిడ్ ఫ్రేము తీశాడు. "అయితే గిది తీస్కో పెద్దమనిషీ. ఎండకు వేడెక్కది. ధర రెండిటికీ ఒకటే."

నిప్పు తగిలితే అది భగ్గుమంటుందని దుకాణదారు చెప్పలేదు. నాకూ తెలియదు.

నెల తిరగకముందే కురుమయ్య జబ్బు గొర్రెకు వాత పెట్టబోయాడు. గొర్రె గింజుకోవడంతో ఎర్రగా కాలిన కడ్డీ ఎగిరి ఫ్రేముకు తగిలింది. భార్య బక్కమ్మ గొంగడి కప్పి మంట ఆర్పేలోగా ఆ కన్నూ పోయింది.

కురుమయ్య ధరను చూడలేదు, సోకునూ చూడలేదు. తాను ఎరిగిన ఎండను బట్టి, తనకు తెలిసిన మేరకు సరిగ్గానే ఎంచుకున్నాడు.