టామ్ తాత ఊరి పొలిమేర

మంచు కరిగి ఇంటి వెనక వాగు పొంగినప్పుడల్లా తడిమట్టి వాసన వంటింటి కిటికీ దాకా వస్తుంది. పక్కింటి టామ్ గుర్తొస్తారు. మతిమరుపు వల్ల ఆయన ఒక గురువారం బడి పిల్లలను నిరాశపరిచారని మా వీధిలో ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ సంగతి తెలిసీ నేను చాలాకాలం నోరు విప్పలేదు.

అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీ నుంచి రిటైరైన ఇంజనీరు ఆయన. పుట్టింది ఇంగ్లండ్‌లో, ఒక నది ఒడ్డు పల్లెలో. క్రైస్తవ సన్యాసులు కట్టిన పిండిమర, వరద వచ్చినప్పుడల్లా నీళ్లు ఎంతదాకా లేచాయో చర్చి గోడమీద చెక్కిన గీత, ధాన్యం మోసిన పడవలు, రైలు రాగానే ఖాళీ అయిన రేవు, ఇప్పుడు డబ్బున్నవాళ్ల వారాంతపు విడిదులైన పడవవాళ్ల ఇళ్లు. వందల ఏళ్లు ఆయన నోట నిన్నటి సంగతుల్లా వచ్చేవి. మా అమ్మాయి సాహితి అందరినీ అంకుల్ అనేది, ఆయన్ని మాత్రం తాత అంది.

మ్యాపులు లేని రోజుల్లో ఆ ఊరివాళ్లు ఏటా పొలిమేర చుట్టూ నడిచేవారట. హద్దురాయి దగ్గర ఒక పిల్లవాణ్ణి తలకిందులుగా ఎత్తి, తలను రాయికి మెల్లగా తాకించేవారట, హద్దు జన్మంతా గుర్తుండాలని. ఒక ఆదివారం టామ్ మా వీధి పిల్లలతో ఆ నడక నడిపించారు. హద్దురాయి అనుకున్న మెయిల్‌బాక్స్ దగ్గర సాహితి "నన్ను కూడా తాతా" అని చేతులు చాచింది. గరాజ్‌లోంచి చూస్తున్న నాకు కడుపు మండిపోయింది.

ఆ వారమే బడిలో ఎవరి ఊరి గురించి వాళ్లను చెప్పమన్నారు.

"నేను టామ్ తాత ఊరు చేస్తా నాన్నా. శుక్రవారం తాత క్లాస్‌కి వస్తాడు."

"మనకి ఊరు లేదా?"

"మన ఊరు ఎవరు స్టార్ట్ చేశారు?"

నాకు తెలియదు.

"చూశావా, నీకు స్టోరీస్ రావు."

తర్వాత శుక్రవారం కాదు, గురువారం అని టీచర్ ఈమెయిల్ పెట్టింది. తాతకి నేను చెప్తాలే అన్నాను. చెప్పలేదు. "చెప్పావా?" అని సాహితి అడిగితే చెప్పానన్నట్టు తలూపాను. గురువారం క్లాసంతా ఎదురుచూసింది. శుక్రవారం ఆయన టై కట్టుకుని బడికి వెళ్లి వెంటనే తిరిగొచ్చారు.

"గురువారానికి మారిందని నాకు చెప్పే ఉంటారు రవీ. నేనే మర్చిపోయాను."

"పర్లేదు టామ్. వయసు కదా."

ఆ మాట ఆయనలో దిగిపోయింది. కథ మధ్యలో ఆగి, "వరద ముందా, రైలు ముందా?" అని నన్నే అడిగేవారు. చివరికి చెప్పడమే మానేశారు. సాహితి ఇక కథల కోసం నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా నీళ్లు ఎటు పారతాయో, హద్దు ఎక్కడో అడుగుతాను. ఆ అలవాటు ఆయనదే. కానీ అంతకుముందు నేను చేయాల్సిన పని ఒకటి ఉండిపోయింది. ఒక శనివారం సాహితిని వెంటబెట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను.

"టామ్, మీరేమీ మర్చిపోలేదు. రోజు మారిందని మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. కుళ్లుతో కావాలనే చెప్పలేదు. నన్ను క్షమించండి."